కథ కంచికి వెళ్లకముందే చీటీ వెయ్యాలి: ముగింపు పందేనికి బ్రేకింగ్ బ్యాడ్ ఎంతవరకు ఆగుతుంది?

ముందే చెప్పేస్తున్నాం. ఇందులో ఆఖరి ఎపిసోడ్ దాకా ముడులన్నీ విప్పేసి ఉన్నాయి. ఇంకా చూడనివాళ్లు, పందెంలో కూర్చోబోయేవాళ్లు ఇక్కడితో ఆగిపోతే మంచిది. చీటీలు పోగేసి మార్కులు వేసే మనిషి మాత్రం పూర్తిగా చదవాలి. ఏ గుంపుకైనా అలా ముందే చూసేసినవాళ్లు ఒకరు కావాలి. వాళ్లు చీటీ వెయ్యకూడదు, ఎవరు ఏం ఊహించినా మొహంలో ఏమీ తెలియనివ్వకూడదు. రెండోదే కష్టం.

కేన్సరొచ్చిన సైన్సు మేష్టారు వాల్టర్ వైట్ మత్తుమందు తయారీలోకి దిగే అమెరికా సీరియల్ బ్రేకింగ్ బ్యాడ్. అది గొప్పదా కాదా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. ఇక్కడ చూసేది వేరే. పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, రాయగడలోనో, బరంపురంలోనో నలుగురైదుగురు ఒక గదిలో చేరి "ఆఖరికి ఏమవుతుంది?" అని చీటీలు రాసుకుంటే ఆ ఆటకి ఈ సరుకు సరిపోతుందా, పెట్టిన డబ్బుకీ గంటలకీ గిట్టుబాటవుతుందా అన్నదే లెక్క. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, తెర కింద ఇంగ్లిషు అక్షరాలు. ఈ మూడింటి మధ్య తిరిగే గుంపుని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

ముందు కొలతలు. 2008 జనవరి 20న అమెరికాలో ఏఎంసీ ఛానల్లో మొదలై 2013 సెప్టెంబరు 29న అయిపోయింది. 5 సీజన్లు, 62 ఎపిసోడ్లు. వరసగా 7, 13, 13, 13, 16. మొదటి సీజన్ ఏడుకే ఆగిపోవడానికి కారణం అప్పటి రచయితల సమ్మె. ఎపిసోడ్‌కి సగటున 47 నిమిషాలు వేసుకున్నా మొత్తం 48 గంటల పైమాటే. రోజుకి రెండు చొప్పున చూస్తే నెల రోజుల కార్యక్రమం. పందేనికి ఇది సరైన నిడివి. ఇంతకన్నా పొట్టిదైతే ఊహించేలోపే అయిపోతుంది, ఇంతకన్నా పొడుగైతే గుంపులో సగం మంది మధ్యలోనే జారుకుంటారు.

చూడ్డానికి నెట్‌ఫ్లిక్స్ కావాలి. 2021 డిసెంబరులో ధరలు తగ్గించాక మొబైల్ ప్లాన్ నెలకి 149, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649 రూపాయలు. చవగ్గా ఉందని 149 ప్లాన్ తీసుకుంటే గుంపుకి పనికిరాదు. అది ఫోన్‌లో, ట్యాబ్‌లో తప్ప టీవీలో ఆడదు, ఐదుగురు ఒక ఫోన్ మీద వాలలేరు. 199 ప్లాన్ టీవీలో ఆడుతుంది. ఒకేసారి ఒక తెర మీదే, 720 నాణ్యతతో వస్తుంది. ఒకే ఇంట్లో అందరూ కూర్చునే పందేనికి ఇదే చాలు, 32 అంగుళాల టీవీలో తేడా పట్టేవాళ్లు తక్కువ. తలా కొంచెం వేసుకుని ఒక్క ఖాతా తీసుకుని ఎవరింట్లో వాళ్లు చూసుకుందామన్న పథకం మాత్రం 2023 జులై తర్వాత మన దేశంలో చెల్లదు. ఒక ఖాతా ఒకే ఇంటికి అన్న నియమం పెట్టారు. కాబట్టి ఇల్లు ఒకటి ఖాయం చేసుకోండి. టీ ఖర్చు ఆ ఇంటివాళ్ల మీద పడకుండా మిగతావాళ్లు చూసుకోవాలి.

బ్రాడ్‌బ్యాండ్ లేక ఫోన్ డేటాతో నడిపేవాళ్లు నాణ్యతని మధ్యస్థంలో పెట్టుకుంటే గంటకి సుమారు 0.7 జీబీ తింటుంది. రెండు ఎపిసోడ్లకి 1.1 జీబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్నవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. హెచ్‌డీకి తిప్పారో గంటకి 3 జీబీ దాకా లాగేస్తుంది, రాత్రి తొమ్మిదింటికల్లా ప్యాకు ఖాళీ. గంజాం, గజపతి జిల్లాల్లో అక్టోబరు పెట్టుకుంటే ఇంకో జాగ్రత్త. ఫైలిన్ వచ్చింది 2013 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. గాలివాన వచ్చిందంటే కరెంటు, టవర్లు రెండూ పోతాయి. ఆఖరి ఎనిమిది ఎపిసోడ్లు ముందే దించి పెట్టుకోండి, ఆ దించుకున్నవాటికీ గడువుంటుందని మర్చిపోకండి.

ఇక అసలు సంగతి. ముగింపు పందేనికి ఒక సీరియల్ పనికొస్తుందా లేదా అన్నది ఒక్క గుణం మీద ఉంటుంది: ఆఖర్న వాడబోయే సామాను ముందే చూసేవాళ్ల చేతిలో పెడుతుందా? ఈ విషయంలో బ్రేకింగ్ బ్యాడ్‌కి సాటి తక్కువ. ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్ తెరవగానే హీరో వాల్టర్ వైట్ గడ్డం, జుట్టు పెంచుకుని ఒక హోటల్లో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. పళ్లెంలో వేపిన బేకన్ (పంది మాంసం) ముక్కలు తుంచి తన వయసు 52 అంకె పేరుస్తాడు. మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌లో అదే పని 50తో అతని భార్య చేసింది. అంటే కథ మొదలై రెండేళ్లు. కారుకి న్యూ హ్యాంప్‌షైర్ నంబరు ప్లేటు. డిక్కీ తెరిస్తే ఎం60 మెషీన్ గన్. మళ్లీ ఆ సంగతి ఎత్తకుండా కథ వెనక్కి వెళ్లిపోతుంది. తొమ్మిదో ఎపిసోడ్ మొదట్లో రెండో వస్తువు. పాడుబడ్డ తన ఇంట్లోకే దొంగలా దూరి, స్విచ్‌బోర్డు మూత వెనకనుంచి రైసిన్ సీసా తీసుకుంటాడు. తుపాకి ఒకటి, విషం ఒకటి. ఎవరికి ఏది? పందెం అంతా ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది.

తుపాకిని డిక్కీలో పెట్టిన రోజున దాన్ని ఎవరి మీద వాడాలో తమకే తెలియదని సృష్టికర్త విన్స్ గిల్లిగన్ తర్వాత చెప్పారు. ఈ మాట పందెంగాళ్లకి బంగారం. "రచయిత ముందే ప్లాన్ చేసి ఉంటాడు, ఆ ప్లాన్ పట్టుకుంటే చాలు" అని వెళ్లేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. రచయితల ముందు ఏ సామాను ఉందో మన ముందూ అదే ఉంది. వాళ్లు వెనక్కి తిరిగి పాత్రల అలవాట్లు తవ్వుకున్నారు, మనమూ అదే చెయ్యాలి.

ఆ తవ్వకం ఎలా ఉండాలో దగ్గరగా చూపిస్తాం. తుపాకి కనిపించిన ఆ ఎపిసోడ్‌లోనే అసలు కథ వేరే నడుస్తుంది. పోలీసుల గదిలో ఉన్న ల్యాప్‌టాప్‌ని పాడుచెయ్యాలి. వాల్ట్, అతని పాత శిష్యుడూ మత్తుమందు పనిలో భాగస్వామీ అయిన జెస్సీ ఒక ట్రక్కు లోపల పెద్ద విద్యుదయస్కాంతం బిగించి, దాన్ని తీసుకెళ్లి పోలీసు భవనం గోడకి ఆనించి నిలిపి, మీట నొక్కుతారు. గోడకి అవతలున్న సామానంతా ఎగిరొచ్చి గోడకి కొట్టుకుంటుంది. ఇప్పుడు ఆఖరి ఎపిసోడ్ చూడండి. వాల్ట్ గ్యారేజీ తలుపు తెరిచే మోటారుతో ఎం60కి అటూ ఇటూ తిరిగే చెయ్యి తయారుచేసి డిక్కీలో బిగిస్తాడు. కారుని శత్రువు జాక్ రౌడీ ముఠా ఉండే ఇంటి గోడ పక్కనే అడ్డంగా నిలుపుతాడు. తాళంచెవి మీది మీట నొక్కుతాడు. గోడ దాటి గుళ్లు లోపలికి. వాహనంలో యంత్రం, పక్కన గోడ, చేతిలో మీట. తుపాకిని చూపించిన గంటలోపే దాన్ని ఎలా వాడతాడో కూడా చూపించేశారు. "తుపాకి చేత్తో పట్టుకుని వెళ్తాడా, యంత్రానికి బిగిస్తాడా?" అన్న ప్రశ్నకి యంత్రం అని రాసినవాళ్లు అదృష్టంతో గెలవలేదు. నాలుగో సీజన్ చివర ముసలి ముఠాదారు హెక్టర్ చక్రాల కుర్చీ కింద బాంబు పెట్టి, హెక్టర్ గంట మీట నొక్కితే పేలేలా చేసిందీ ఇదే మనిషి. వాల్ట్ ఎదురుగా నిలబడి కాల్చిన సందర్భాలు లేకపోలేదు, మూడో సీజన్లో వీధిలో ఒకడిని కాల్చాడు, ఐదులో తనతో కలిసి పనిచేసిన మైక్‌ని కాల్చాడు. కానీ అవి అప్పటికప్పుడు చేసినవి. తీరిగ్గా ఆలోచించి చేసిందల్లా సైన్సు మేష్టారి పనే.

రైసిన్ సంగతి ఇంకా ముచ్చటైనది, అందులోనూ ఆముదం ఎరిగిన మనకి. రైసిన్ ఆముదం గింజలో ఉండే విషమే. గానుగాడితే నూనెలోకి రాదు, పిండిలో మిగిలిపోతుంది. ఆముదం పిండిని ఎరువుగా వేస్తారు తప్ప పశువులకి పెట్టనిది అందుకే. సీరియల్లో ఇది రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే, మత్తుమందు వ్యాపారి టుకో కోసం తయారవుతుంది. పని జరగదు. నాలుగో సీజన్లో వాల్ట్ చేత మత్తుమందు చేయించే యజమాని గస్ కోసం సిగరెట్‌లో దాస్తారు. అదీ జరగదు. ఐదో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో వాల్ట్ ఒక కెఫేలో, మత్తుమందు వ్యాపారంలో కలిసిన లిడియా ఎదురుగా కూర్చుని పేర్ల జాబితా తీసుకుంటాడు. ఆమె వెళ్లిపోయాక బల్ల మీది టోపీ ఎత్తితే కింద రైసిన్ సీసా. అంటే ఆ రోజే ఆమెకి పెడదామని వచ్చాడు, ఎందుకో ఆగాడు. ఈ ఒక్క దృశ్యం గుర్తుపెట్టుకున్నవాళ్లకి రెండో ప్రశ్న సగం తేలిపోయినట్టే. మిగతా సగం పదిహేనో ఎపిసోడ్‌లో ఉంది. అదే కెఫే, లిడియా అదే తీరులో కామొమైల్ టీ అడుగుతుంది, సోయా పాలతో, స్టీవియాతో. పంచదార బదులు వేసుకునే పొడి అది, చిన్న ప్యాకెట్లలో వస్తుంది. అలవాటు మార్చుకోని మనిషికి విషం పెట్టడం తేలిక. ఆఖరి ఎపిసోడ్‌లో ఆ ప్యాకెట్లోనే వెళ్లింది. తయారైనప్పటినుంచి వాడేదాకా అమెరికాలో ప్రసారమైన లెక్కలో నాలుగున్నరేళ్లు పట్టింది. కర్ణుడి చావుకి వంద కారణాలంటారు, లిడియా చావుకి ఒక స్టీవియా ప్యాకెట్ చాలింది.

ఇంత సరుకు చేతిలో పెట్టినా తప్పు చీటీలే ఎక్కువ వస్తాయి. ఎందుకో చెప్పాలి.

మొదటి రకం తప్పు అతితెలివి. హోటల్లో వాల్ట్ చెప్పుకునే పేరు లాంబర్ట్, అది భార్య స్కైలర్ పుట్టింటి పేరు. బేకన్‌తో అంకె పేర్చడం కూడా ఆమె అలవాటే. తను చంపినవాళ్ల అలవాట్లు వాల్ట్‌కి అంటుకుంటాయన్న సిద్ధాంతం ఒకటి అభిమానుల్లో గట్టిగా నడిచింది. నాలుగో సీజన్లో గస్ వాంతి చేసుకునేముందు మోకాళ్ల కింద తువ్వాలు మడిచి పరుచుకుంటాడు, ఐదో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో వాల్ట్ అచ్చం అలాగే చేస్తాడు. గమనించినవాళ్లకి దండం పెట్టాలి. కానీ అక్కణ్నుంచి "అయితే స్కైలర్ కూడా చచ్చిపోతుంది" అని చీటీ రాసినవాళ్లంతా ఓడారు. స్కైలర్ బతికే ఉంటుంది. పోలిక నిజం, దాని మీద కట్టిన మేడ అబద్ధం. సైగ ఒకటి దొరికితే అది పాత్ర స్వభావం గురించి చెబుతోందా, జరగబోయేదాని గురించి చెబుతోందా అని విడదీసుకోవాలి.

రెండో రకం, న్యాయం తీర్చే చీటీలు. "ఇన్ని పాపాలు చేశాడు, రైసిన్ తనే తాగి చావాలి", "జెస్సీ చేతిలోనే పోవాలి", "హ్యాంక్ సంకెళ్లు వెయ్యాలి". ఇవి ఊహలు కావు, కోరికలు. వాల్ట్ తోడల్లుడూ మత్తుమందుల మీద నిఘా పెట్టే అధికారీ అయిన హ్యాంక్ పద్నాలుగో ఎపిసోడ్‌లోనే పోతాడు. ఆఖర్న వాల్ట్ తుపాకి ఇచ్చి కాల్చమన్నా జెస్సీ కాల్చడు, నువ్వే చేసుకో అని వెళ్లిపోతాడు. వాల్ట్‌ని చంపేది తను బిగించిన యంత్రం నుంచి వచ్చిన గుండే, అదీ జెస్సీని కింద పడేసి మీద పడుకున్నప్పుడు తగిలింది. "తను తీసిన గోతిలో తనే పడతాడు" అని పైపైన రాసినవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు, వాళ్లకి సగం మార్కే ఇవ్వాలి. అలా రాస్తే ఏ ముగింపుకైనా సరిపోతుంది మరి.

డబ్బు ప్రశ్న దగ్గర అందరూ బోర్లా పడతారు. ఎడారిలో ఏడు పీపాల్లో 8 కోట్ల డాలర్లు పాతిపెడితే జాక్ ముఠా ఆరు పట్టుకుపోయి ఒకటి వదిలేస్తుంది. పోలీసులు కాపలా కాస్తుంటే ఆ మిగిలింది పిల్లలకి ఎలా చేరాలి? జవాబు మొదటి సీజన్లోనే ఉంది. పాత స్నేహితులు గ్రెచెన్, ఎలియట్ వైద్యానికి డబ్బిస్తామంటే వాల్ట్ పొగరుగా వద్దన్నాడు, ఇంట్లో మాత్రం వాళ్లే ఇస్తున్నారని అబద్ధం చెప్పాడు. పదిహేనో ఎపిసోడ్ చివర బార్‌లో టీవీ చూస్తుంటే ఆ ఇద్దరే తెర మీద. ఆఖరి ఎపిసోడ్‌లో 97 లక్షల 20 వేల డాలర్లు వాళ్ల బల్ల మీద పెట్టి, మీరు దానం చేసినట్టు నా కొడుక్కి ఇవ్వండి అంటాడు. అప్పటి అబద్ధాన్ని ఇప్పుడు నిజం చేయించుకున్నాడు. ఈ ప్రశ్నకి సరైన చీటీ ఒక్కటి వచ్చినా ఆ మనిషికి ఆ పూట టిఫిన్ అందరూ కలిసి పెట్టాలి.

చీటీలు ఎప్పుడు వెయ్యాలన్న దగ్గరే చాలా గుంపులు ఆట చెడగొట్టుకుంటాయి. తుపాకి కనపడగానే "ఎవరి మీద?" అని అడిగేస్తారు. అప్పటికి లిడియా కథలోకే రాలేదు, రెండో ఎపిసోడ్‌లో వస్తుంది. వాల్ట్ దగ్గర పనికి చేరే టాడ్ మూడులో, వాడి మామ జాక్ ఎనిమిదిలో. లేని మనిషి పేరు ఎవరు రాస్తారు? అందుకని మొదటి చీటీలో, అంటే ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్ అయ్యాక, రెండే అడగాలి: తుపాకి చేత్తోనా యంత్రంతోనా, ఆఖరికి వాల్ట్ బతుకుతాడా. రెండో చీటీ ఎనిమిదో ఎపిసోడ్ అయ్యాక. హ్యాంక్ మరుగుదొడ్లో కూర్చుని వాల్ట్ విట్మన్ కవితల పుస్తకం తిప్పుతూ, లోపలి చేతిరాత చూసి దొంగెవరో తెలుసుకునే చోటది. అమెరికాలో చూసినవాళ్లు అక్కడ 2012 సెప్టెంబరు 2 నుంచి 2013 ఆగస్టు 11 దాకా కాచుకుని కూర్చున్నారు. మీరు కనీసం ఒక్క రోజు ఆగండి. ఈ చీటీలో ఐదూ అడగాలి: తుపాకి ఎవరి మీద, రైసిన్ ఎవరికి, వాల్ట్ ఎలా పోతాడు, జెస్సీ మిగులుతాడా, డబ్బు పిల్లలకి ఏ దారిన చేరుతుంది. అవే ఐదు మళ్లీ పదిహేనో ఎపిసోడ్ అయ్యాక మూడో చీటీలో. మొదటి చీటీలో సరైన జవాబుకి 5 మార్కులు, రెండోదానిలో 3, మూడోదానిలో 1. మూడూ విడివిడిగా దిద్దాలి. అలాగైతే సరైన జవాబు రాసి, తర్వాత పక్కవాడి మాట విని మార్చుకున్నవాడికి ఎంత పోయిందో కాగితం మీదే కనిపిస్తుంది.

రాసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, గట్టిగా మాట్లాడేవాడొకడు చాలు గుంపంతా వాడి వెనకే పోవడానికి. చీటీ మీద పేరు, తేదీ, ఎపిసోడ్ నంబరు ఉండాలి. మడిచి పిన్ను కొట్టి డబ్బాలో పడెయ్యాలి. జవాబు పూర్తి వాక్యంగా ఉండాలి: ఎవరు, దేంతో, ఎవరిని. "కర్మ అనుభవిస్తాడు" లాంటి చీటీకి సున్నా. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పట్టుబట్టిన ఊరి మనుషులకి తేట తెలుగులో రాయమని చెప్పడం ఏం బాగుంటుంది గానీ, పందెం అనగానే అందరికీ జ్యోతిష్యుడి భాష వచ్చేస్తుంది. ఒడియా మీడియంలో చదివిన పిల్లలు తెలుగు మాటల్నే ఒడియా లిపిలో రాసినా ఒప్పుకోవాలి, దిద్దేవాళ్లకి రెండు లిపులూ వస్తే సరి. డబ్బు పందెం మాత్రం వద్దు. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం ఒకటి ఉంది. అదలా ఉంచినా, వంద రూపాయలు పెట్టగానే స్నేహంలో తేడా వస్తుంది. ఓడినవాళ్లు బరా, ఘుగునీ ప్లేట్లు పెట్టించడమో, బరంపురం అప్పడాల కట్ట తేవడమో చాలు.

పందేనికి అలవాటు పడ్డానికి రెండో సీజన్ మంచి తాలింఖానా. నలుపు తెలుపు దృశ్యాల్లో ఈతకొలనులో తేలే గులాబీరంగు ఎలుగుబంటి బొమ్మ కనపడుతుంటుంది. ఇల్లు పేలిపోయిందనో, కుటుంబం చచ్చిపోయిందనో ఊహలు వస్తాయి. ఆ దృశ్యాలున్న నాలుగు ఎపిసోడ్ల పేర్లు, 1, 4, 10, 13, వరసగా చదివితే ఇంగ్లిషులో "737 ఆల్బుకర్కీ మీద కూలింది" అన్న వాక్యం వస్తుంది. పేర్లు గమనించే అలవాటు అక్కడ చేసుకుంటే ఆఖరి ఎపిసోడ్ పేరు ఫెలీనా దగ్గర కూడా ఆగుతారు. ఆ అక్షరాలు అటూ ఇటూ మారిస్తే ముగింపు అని అర్థం వచ్చే ఇంగ్లిషు మాట. ఇనుము, లిథియం, సోడియం గుర్తులు కలిపినా అదే పేరు, రక్తం, మందు, కన్నీళ్లు అని అభిమానులు చదువుకున్నారు. సరదాకి బాగుంది. మార్కులు తెచ్చిపెట్టేది మాత్రం కాదు.

ఇప్పుడు లీకుల సంగతి. ఈ సరుకుకున్న పెద్ద లోపం ఇదే, లోపం సీరియల్‌ది కాదు, దాని చుట్టూ పెరిగిన చెట్టుది. నెట్‌ఫ్లిక్స్‌లో బ్రేకింగ్ బ్యాడ్ అని వెతికితే పక్కనే ఎల్ కమినో కనపడుతుంది. 2019 అక్టోబరు 11న వచ్చిన సినిమా, పోస్టర్ మీద జెస్సీ. ఇక నాలుగో ప్రశ్నకి చీటీ ఎందుకు? బెటర్ కాల్ సాల్ ఇంకో గండం. ముందుకథ కదా అని దాంతో మొదలుపెడతారు కొందరు. మొదటి దృశ్యమే నలుపు తెలుపులో, ఒమాహాలో మారుపేరుతో బతుకుతున్న సాల్, అంటే వాల్ట్ లాయరు. వాడికేమీ కాలేదని తెలిసిపోయింది. కాబట్టి చూసే వరస తప్పకూడదు, వెతికే పని ముందే చూసేసిన మనిషికి అప్పజెప్పాలి. పందేనికి ఒక కొత్త ప్రొఫైల్ తెరిచి, సీరియల్‌ని అక్కడ జాబితాలో పెట్టి, దానికి నేరుగా వెళ్లాలి. ప్రొఫైల్ సెట్టింగుల్లో తర్వాతి ఎపిసోడ్ దానంతటది మొదలవ్వడం, వెతుకుతుంటే తునకలు ఆడటం అన్న రెండు టిక్కులూ తీసెయ్యండి. మొదటిది తియ్యకపోతే చీటీలు పంచేలోపే తొమ్మిదో ఎపిసోడ్ ఇంటి దృశ్యం తెర మీదకి వచ్చేస్తుంది. యూట్యూబ్‌లో నటుల ఇంటర్వ్యూ ఒక్కటి చూశారా, మర్నాటినుంచి ఆఖరి దృశ్యాల బొమ్మలే వరసకడతాయి. నెల రోజులు ఆ జోలికి వెళ్లకండి.

సీరియల్ లోపాలు కూడా ఉన్నాయి. మూడో సీజన్ పదో ఎపిసోడ్ అంతా ల్యాబులో ఈగని తరమడమే. ఖర్చు తగ్గించుకోడానికి ఒకే చోట తీసింది. పందెం గుంపుల్లో జారుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే జారుకుంటారు. దాటెయ్యొద్దు, జెస్సీ ప్రియురాలు జేన్ చావు గురించి వాల్ట్ నోటిదాకా వచ్చి ఆగిపోయే చోటది. ఇక మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ చివర్న ఉన్న స్నానపుతొట్టి దృశ్యం భోజనాల వేళ పెట్టుకోవద్దు. ఇంట్లో పెద్దలు, పిల్లలు ఉండగా చూసే సరుకు కాదిది. ఐదో సీజన్ పదమూడో ఎపిసోడ్ కాల్పుల మధ్యలో ఆగుతుంది కనుక పద్నాలుగు అదే రాత్రి చూడ్డానికి సమయం ఉంచుకోండి. లేకపోతే ఎవరో ఒకరు ఇంటికెళ్లి ఫోన్‌లో వెతికేస్తారు, ఆ చీటీ చెల్లదు.

మిగతా సరుకుతో పోలిస్తే? ఏ కేసు ఆ ఎపిసోడ్‌లోనే తేలిపోయే సీఐడీ లాంటివాటితో ముగింపు పందెం కుదరదు, దయా తలుపు ఎన్నో నిమిషంలో బద్దలు కొడతాడన్న పందెమే మిగులుతుంది. బ్రిటన్ సీరియల్ లైన్ ఆఫ్ డ్యూటీలో "హెచ్" అనే అవినీతి పోలీసు ఎవరన్నది ఏళ్ల తరబడి లాగారు, అది తేలిన ఎపిసోడ్‌ని 2021 మే 2న కోటీ 28 లక్షల మంది చూశారు. దొంగని పట్టించింది ఒక ఇంగ్లిషు మాట స్పెల్లింగు తప్పు. ఆధారం ఇచ్చారు, కాదనం. కానీ ఆ తప్పు ఎవరైనా చెయ్యొచ్చు, స్టీవియా అలవాటు లిడియాదే. అందుకే అక్కడ గెలిచినవాళ్లకి కూడా గెలిచిన రుచి ఉండదు. 1980లో జేఆర్‌ని కాల్చిందెవరో అని అమెరికాని ఊపేసిన డల్లాస్ సీరియల్ వాళ్లు గుట్టు బయటపడకుండా చాలామంది నటులు కాలుస్తున్నట్టు తీసిపెట్టుకున్నారు. అలాంటిచోట తెర వెనక వార్తల మీద పందెం కట్టేవాడు మునిగిపోతాడు. ఇంగ్లిషు అక్షరాల వెంట పరిగెత్తలేని ఇళ్లకి, ప్రైమ్ వీడియోలో 2022లో వచ్చిన తమిళ సీరియల్ సుళల్ మేలు. తెలుగు డబ్బింగు ఉంది, మొదటి సీజన్ ఎనిమిదే ఎపిసోడ్లు, ఊరి జాతర చుట్టూ తిరిగే కథ. ఠాకురాణి యాత్ర చూసిన బరంపురం వాళ్లకి ఆ వేషాల సందడి పరిచయమైనదిలాగే ఉంటుంది. ఒక ఆదివారం, ఒకే ఒక్క చీటీతో ఆడెయ్యొచ్చు.

బ్రేకింగ్ బ్యాడ్‌కి మాత్రం నెల రోజులు కావాలి, 199 రూపాయలు కావాలి, మాట ఆపుకోగలిగే మనిషి ఒకరు కావాలి. పందెం గుంపుకి మా మార్కులు ఐదుకి నాలుగున్నర. అర మార్కు ఎల్ కమినో పోస్టర్‌కి పోయింది. ఆ సినిమా మూడో చీటీలు విప్పి, మార్కులు చదివేశాకే పెట్టుకోండి. రెండు గంటల రెండు నిమిషాలు, జెస్సీ కారు గేటు విరగ్గొట్టుకుని బయటపడిన ఆ రాత్రినుంచే మొదలవుతుంది.